ధర చెప్పే ఊసరవెల్లి

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న కొట్టు ఉండేది. అడవి ఎంత పెద్దదంటే, ఈ చివర ఎవరు ఎవర్ని తిన్నారో ఆ చివరికి కబురు చేరేసరికి తిన్నవాడికి మళ్లీ ఆకలేసేది. కొట్టు ఎంత చిన్నదంటే, దానికి గోడల్లేవు, తలుపుల్లేవు, పేరు కూడా లేదు. ఒక మద్దిచెట్టు, చెట్టు కింద బండ, బండ మీద వరసగా ఎండిన ఆనపకాయ బుర్రలు, వాటి నిండా తేనె, వాటి వెనక జోగులు అనే ఎలుగుబంటి. కొట్టంటే అంతే.

జోగులు వ్యాపారంలో పెద్ద తెలివితేటలేమీ లేవు. దొన్నెడు తేనెకి దోసెడు ఎండు ఇప్పపూలు. ఏనుగొచ్చినా అదే ధర, ఎలుకొచ్చినా అదే ధర. దోసెడంటే ఎవరి దోసెడు అని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. దొన్నె నింపాక కొసరు కింద ఒక చుక్క నాలుక మీద వేసేవాడు. ఆ చుక్క కోసమే వచ్చేవాళ్లున్నారని అతనికి తెలుసు, తెలిసి కూడా వేసేవాడు.

ఒక్క విషయంలో మాత్రం జోగులుకి పట్టింపు ఉండేది. అది బోణీ. పొద్దున మొదటి బేరం అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టడు. మొదట వచ్చినవాళ్లని ఉత్త చేతుల్తో పంపడు, ఎంతకడిగితే అంతకిచ్చేస్తాడు. ఆ పూలు కళ్లకద్దుకుని, ఒక్కో బుర్రకీ తాకించి, అప్పుడు వాగుకెళ్లి కడుపునిండా తాగి వస్తాడు. వాళ్ల తాత పెట్టిన కట్టు అది. ఎందుకు పెట్టాడో ఎవరికీ తెలీదు. తాతకి దాహం తక్కువేమో.

ఇలా ఉండగా పట్నం నుంచి నక్క దిగాడు. పేరు చలమయ్య.

పట్నంలో ఏం చదివావని అడిగితే "బిజినెస్" అన్నాడు. ఊరి చివర పెద్ద దుకాణాల భవనం ఒకటుందట. దాని వెనక చెత్త పోసే చోట ఇన్నేళ్లూ కాపురం చేశాడు. వాళ్లు పారేసిన డబ్బాలు నాకాడు, వాళ్లు పారేసిన కాగితాల మీద పడుకున్నాడు. అంతకన్నా చదువేముంటుంది? తిరిగొచ్చాక తేనెని తేనె అనడం మానేశాడు, ప్రొడక్ట్ అంటాడు. కొనేవాళ్లని కస్టమర్ దేవుళ్లంటాడు. దేవుళ్లెందుకయ్యారంటే, "నైవేద్యం వాళ్ల ముందు పెట్టి మనమే తింటాం కాబట్టి" అన్నాడు.

ఒకరోజు వచ్చి బండ పక్కన కూర్చున్నాడు.

"జోగులు గారూ, వానాకాలం ఎలా గడుస్తుంది మీకు?"

"ఏదో గడిసిపోతాది బాబూ. ఆఖర్న కాస్త పస్తులుంటాయి."

అది నిజమే. వానలు పడితే తేనె దొరకదు. ఎండాకాలమంతా పోగేసిన ఇప్పపూలే వానాకాలం తిండి. ఏటా ఆ పోగు వానలు తగ్గకముందే అయిపోతుంది. అప్పుడు జోగులు గుహలో పడుకుని, కడుపు చేసే చప్పుళ్లు వింటూ, తేనె ఇంకాస్త ఎక్కువకి అమ్మి ఉంటే బాగుండేదని అనుకుంటాడు. వానలు తగ్గగానే ఆ సంగతి మర్చిపోతాడు.

"పస్తులెందుకుంటాయి? మీ ధర వల్ల," అన్నాడు చలమయ్య. "కడుపు నిండినవాడికీ దోసెడే, కడుపు మండినవాడికీ దోసెడే. ఇదెక్కడి న్యాయం? ఎవడికి ఎంత అవసరమో వాడి దగ్గర అంత పుచ్చుకోవాలి. పట్నమంతా ఇప్పుడు అలాగే నడుస్తోంది. వానొస్తే బండి అద్దె పెరుగుతుంది, పండగొస్తే బస్సు టిక్కెట్టు పెరుగుతుంది. ఎవడూ ఏడవడు. ఏడిస్తే ఇంకా పెరుగుతుంది."

"అవసరం ఎంతుందో నాకెలాగ తెలుస్తాది?"

"మీకు తెలీదు. యంత్రానికి తెలుస్తుంది."

చలమయ్య తోక విదిలించాడు. తోక చివర ఊసరవెల్లి ఒకటి పట్టుకుని వేలాడుతోంది.

"ఇది ఊసరవెల్లి గదా," అన్నాడు జోగులు.

"నిన్నటిదాకా. ఇవాళ్టి నుంచి ధరల యంత్రం. ఒక కన్ను అటు, ఒక కన్ను ఇటు తిప్పుతుంది. ఎదుటివాడి అవసరం లోపలికంటా చూసేస్తుంది. అవసరం లేదా, పచ్చగా ఉంటుంది, దోసెడు పుచ్చుకోండి. కొంచెం ఉందా, పసుపు, రెండు దోసెళ్లు. బాగా ఉందా, ఎర్రబడుతుంది. మూడు."

ఊసరవెల్లి ఏదో చెప్పబోయింది.

"యంత్రాలు మాట్లాడవు," అన్నాడు చలమయ్య. పూటకి గుప్పెడు ఈగలు ఇస్తానన్న ఒప్పందం గుర్తొచ్చి ఊసరవెల్లి నోరు మూసుకుంది. ఈగలు కరువుగా ఉన్న రోజులవి.

జోగులుకి తను నక్క తోక తొక్కాననిపించింది. తొక్కినవాడికి అదృష్టమంటారు. తోక ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలని మాత్రం పెద్దలెవరూ చెప్పలేదు.

పద్ధతి ప్రకారం మృగరాజు ఆమోదం కావాలి. రెండు బుర్రల తేనె పంపారు. ఆయన యంత్రాన్ని చూడకుండానే ఆమోదించాడు. చూస్తే తన ముందు అది ఏ రంగవుతుందో అని జంకాడని గిట్టనివాళ్లు అన్నారు. వడ్రంగిపిట్ట చేత అడవంతా దండోరా వేయించారు: "యంత్రం ఎవరిని చూసి ఎర్రబడితే వాళ్లు మూడు దోసెళ్లు ఇచ్చుకోవాలి. ఎవరైనా సరే. యంత్రం తప్పు చెప్పదు." 'ఎవరైనా సరే' అన్న ముక్క చలమయ్యే పట్టుబట్టి చేర్పించాడు, రేపు ఏనుగులు గొడవకొస్తే అడ్డం వేయడానికి.

మర్నాడు బోణీ మామూలుగానే అయింది. ఉడుత ఒకటి వచ్చి అలవాటుగా కొనుక్కుపోయింది. జోగులు నీళ్లు తాగొచ్చి కూర్చున్నాడో లేదో, నూకాలు పరిగెత్తుకుంటూ వచ్చింది.

నూకాలు ముళ్లపంది. నోరు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది గానీ ఆవేళ నోట్లోంచి మాట రావడమే కష్టంగా ఉంది. బండ మీదికి ఎగబడి, రొప్పుతూ, "మావా, పిల్లడికి రాత్రంతా దగ్గు. ఊపిరి అందట్నేదు. తొరగా ఒక దొన్నెడు తేనె ఇయ్యి," అంది.

ఊసరవెల్లి తల నుంచి తోక దాకా ఎర్రబడింది.

"మూడు దోసెళ్లు," అన్నాడు చలమయ్య.

"మూడేటి? నిన్నటికి నిన్న ఒకటే గదా?"

"నిన్న మీకు అవసరం లేదు కదమ్మా. ఇవాళ ఉంది. యంత్రం చెబుతోంది. ఇంకా ఆకు రుసుము ఒక చిటికెడు, దొన్నె కుట్టినందుకు. సౌకర్య రుసుము ఒక చిటికెడు."

"ఏటి సౌకర్యం?"

"మీరు ఇక్కడికి నడిచి రాగలిగారు కదా, అది."

నూకాలు జోగులు వైపు చూసింది. అతను ధర తగ్గిస్తాడని కాదు, ఆ పిల్లాడు పుట్టినప్పుడు మొదటి తేనెచుక్క నాకించింది అతనే కాబట్టి చూసింది. జోగులు చేయి బుర్ర మీదికి వెళ్లింది. చలమయ్య ఆ చేతి మీద తన చేయి వేసి, "వానాకాలం," అని మెల్లిగా గుర్తుచేశాడు. జోగులు చేయి వెనక్కి తీసుకున్నాడు.

ఆవిడ ఇంటికెళ్లి పూలు తెచ్చి మూడు దోసెళ్లూ రెండు చిటికెలూ పోసింది. దొన్నె పుచ్చుకుని, అలవాటు కొద్దీ నాలుక చాపింది.

"కొసరు ఇప్పుడు సభ్యులకి మాత్రమే. సభ్యత్వం నెలకి రెండు దోసెళ్లు," అన్నాడు చలమయ్య.

ఆవిడ నాలుక లోపలికి లాక్కుని వెళ్లిపోయింది. జోగులుకి ఆవేళంతా గుండెల్లో ఏదో గుచ్చుకుంటూనే ఉంది. సిగ్గేసింది. సాయంత్రం గుహలో పోగు చూసుకున్నాడు. రోజూ కన్నా బాగా ఎత్తుగా ఉంది. గుచ్చుకోవడం కాస్త తగ్గింది, మర్నాటికి ఇంకాస్త తగ్గింది, వారం తిరిగేసరికి అలాంటిదొకటి ఉండేదన్న సంగతే పోయింది. ఎత్తైన పోగు మంచి మందు.

పంటినొప్పితో వచ్చిన కోతి మూడు ఇచ్చింది. కాలు తెగిన దుప్పి మూడు ఇచ్చింది. మామగారు ఇంటికొచ్చాడని కంగారుగా వచ్చిన కుందేలు మూడిచ్చి, మామగారి ముఖం చూసి ఇంకొకటి తెచ్చి, దానికి మళ్లీ మూడిచ్చింది.

జనానికి అర్థమవడానికి ఎంతోకాలం పట్టలేదు. కంగారుపడితే ఎరుపు, ఊరికే ఉంటే పచ్చ. కానీ ఊరికే ఉండటం అందరికీ వచ్చిన విద్య కాదు. వచ్చినవాడు ఒక్కడే ఉన్నాడు, చెరువు గట్టున కొంగ.

కొంగ మాస్టారికి తరతరాలుగా అదే వృత్తి. కడుపు కాలిపోతున్నా ఒంటికాలి మీద కళ్లు మూసుకుని, చేపలంటే ఏమిటో తెలియనట్టు నిలబడగలడు. ఇన్నాళ్లూ దొంగజపమని తిట్టినవాళ్లే ఇప్పుడు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి, మా వాడికి కూడా నేర్పండి మాస్టారూ అని దణ్ణాలు పెట్టారు. ఆయన కోచింగ్ సెంటర్ తెరిచాడు. ఫీజు రోజుకి ఒక చేప, ముందుగా.

"మొదటి పాఠం, రొప్పకూడదు. రెండో పాఠం, బండ దగ్గరికి పోకూడదు, ఎడంగా నిలబడాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం, ఎప్పుడూ అందరికన్నా ముందు వెళ్లకూడదు. ముందు వెళ్లినవాడికి అవసరం ఉన్నట్టే లెక్క," అని చెప్పేవాడు.

అడవిలో పద్ధతులు మారిపోయాయి. పంటినొప్పితో దవడ గుమ్మడికాయంత అయిన కోతి కూడా కొట్టుకి ఎడంగా నిలబడి, "ఆ, ఏదో ఇటు పోతూ ఆగాను. తేనెట్లా ఉంది ఈ మధ్య?" అని అడిగేది. యంత్రం పచ్చగా ఉండేది. చలమయ్య లోపల పళ్లు నూరుకుంటూ పైకి "మార్కెట్ నిలకడగా ఉంది" అనేవాడు.

ఒకరోజు మూడో పాఠం అందరికీ ఒకేసారి వంటబట్టింది.

తెల్లారింది. జోగులు బుర్రలు సర్దుకుని కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. అలాగని జనం లేరా అంటే, అందరూ ఉన్నారు. ఒకరు పొద వెనక, ఒకరు గట్టు మీద, ఆకాశం చూసేవాళ్లు, ఈకలు దువ్వుకునేవాళ్లు, పుల్ల నములుతూ లోకాభిరామాయణం చెప్పుకునేవాళ్లు. ఎవరికి వారు పక్కవాళ్లు ముందు వెళితే చూద్దామని ఎదురుచూస్తున్నారు. మొదటివాడు కావడానికి ఒక్కడూ లేడు.

ఎండెక్కింది. జోగులు పెదాలు తడుపుకోబోయాడు. తడుపుకోవడానికి నోట్లో తడి లేదు.

"నీళ్లు తాగేసి రండి. ఎవరు చూస్తారు?" అన్నాడు చలమయ్య.

"తాత సూత్తాడు."

"తాత పోయి ఎన్నాళ్లైంది?"

"అందుకే ఎక్కడినుంచైనా సూడగలడు."

"పోనీ నేను కొంటాను. ఇదిగో పూలు, బోణీ చేసుకోండి."

"కొట్టులోవాడు కొంటే అది బోణీ కాదు, ఆడుకోడం," అన్నాడు జోగులు. గొంతు గరగరమంది. వాగు చప్పుడు ఇంతకుముందెప్పుడూ ఇంత దగ్గరగా వినిపించలేదు. కూర్చోలేక లేచాడు, లేచి తిరిగాడు, తిరగలేక మళ్లీ కూర్చున్నాడు. బుర్రల నిండా తేనె ఉంది, గుహ నిండా పూలున్నాయి, గుక్కెడు నీళ్లకి మాత్రం గతి లేదు.

మిట్టమధ్యాహ్నం నూకాలు వచ్చింది. కొంగ దగ్గర అన్నిటికన్నా శ్రద్ధగా నేర్చుకున్నది ఆవిడే. పిల్లాడి దగ్గు తగ్గింది గానీ ఆవిడ మంట తగ్గలేదు. మెల్లిగా నడిచొచ్చి, ఎడంగా ఆగి, ఒక ముల్లు సర్దుకుని, చెట్టు కొమ్మలకేసి చూస్తూ, "ఎండగా ఉన్నాది," అంది.

జోగులు ఆగలేకపోయాడు. బండ మీదికి వంగి, ఊసరవెల్లి నెత్తిమీదుగా ముందుకొచ్చి, నాలుక వేలాడేసుకుని, కొలిమితిత్తిలా రొప్పుతూ, "రా నూకాలూ, రా. ఎంత కావాలి? ఎంతకి కావాలి? నువ్వే సెప్పు, నీ ఇష్టం," అన్నాడు.

ఊసరవెల్లి రెండు కళ్లూ ఒకేసారి వెనక్కి తిరిగాయి. రెండూ జోగులు మీద నిలిచాయి. ఒళ్లంతా ఎర్రబడింది. అంత ఎరుపు అది పుట్టాక ఎవరూ చూడలేదు.

పొదల వెనక కబుర్లు ఆగిపోయాయి.

"మావా, అది ఎవర్ని సూసి ఎర్రబడ్డాది?" అంది నూకాలు.

"సాంకేతిక లోపం," అన్నాడు చలమయ్య.

"యంత్రం తప్పు సెప్పదని దండోరా ఏయించినారు గదా?"

"ఆయన అమ్మేవాడమ్మా. ధర కొనేవాళ్లకి."

"ఎవరైనా సరే అన్నారు. ఆ ముక్క వడ్రంగిపిట్ట సొంతంగా కలిపిందేటి?"

ఆకాశం చూసేవాళ్లు కిందికి చూశారు. ఈకలు దువ్వుకునేవాళ్లు దువ్వడం ఆపారు. ఒక్కొక్కరే బండ చుట్టూ చేరారు. వెనక ఏనుగులు కూడా వచ్చి నిలబడ్డాయి. 'ఎవరైనా సరే' అన్న మాట వాటికి బాగా నచ్చినట్టుంది. చలమయ్య కొంగ వైపు చూశాడు, ఏదైనా అంటాడేమోనని. కొంగ కళ్లు మూసుకుని జపంలో ఉన్నాడు.

జోగులు వాదించలేదు. వాదించడానికి నాలుక తిరగడం లేదు. అదొక్కటే కాదు, ఆవిడ ముఖం చూస్తే ఆ రోజు ఈ బండ మీద ఎగబడి రొప్పిన ముఖం గుర్తొచ్చింది. ఆవేళ ఆవిడకి ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు నోరెండిపోయాక తెలిసింది. ఏడుపొచ్చింది గానీ దానికీ నీళ్లు కావాలి.

గుహలోకి వెళ్లి పూలు తెచ్చాడు. దోసెడంటే ఎవరి దోసెడో అడవిలో అప్పుడు తేలింది. ఎలుగు దోసెళ్లు మూడు పోసేసరికి నూకాలు పూలలో మునిగిపోయి ముళ్లు మాత్రం కనబడ్డాయి.

"ఆకు రుసుము," అంది ఆ ముళ్ల లోపలి నుంచి.

జోగులు చిటికెడు వేశాడు.

"సౌకర్య రుసుము. నువ్వు కూకున్న సోటే ఉన్నావు, నేను నడిసొచ్చాను."

అదీ వేశాడు. దొన్నె నిండా తేనె పోసి ఇచ్చాడు. చలమయ్య కళ్లు మూసుకున్నాడు, అమ్మేవాడే ఎదురిచ్చి అమ్మడం చెత్తకుప్ప దగ్గర కూడా చూడలేదేమో.

నూకాలు పూలలోంచి బయటికొచ్చింది. ఒక్క పువ్వు తీసి బండ మీద పెట్టింది.

"ఇంద. బోణీ సేసుకో. పోయి నీళ్లు తాగు మావా, సచ్చిపోతావు."

జోగులు ఆ పువ్వు తీసుకుని చాలాసేపు కళ్లకద్దుకున్నాడు. బుర్రలన్నిటికీ తాకించాడు. తర్వాత ఒక చుక్క తేనె వేలితో తీసి ఆవిడ నాలుక మీద వేశాడు. వేసి, వాగు వైపు పరిగెత్తాడు. ఎలుగుబంటి అంత వేగంగా పరిగెత్తడం తేనెటీగలు తప్ప ఎవరూ చూసి ఉండరు.

అక్కడితో అయిపోయిందనుకుంటే మీరు అడవి జనాన్ని తక్కువ అంచనా వేసినట్టు. మర్నాడు కూడా ఎవరూ ముందు రాలేదు. మధ్యాహ్నం దాకా ఆగి, ఒక కోతి తీరిగ్గా వచ్చి మూడు దోసెళ్లు పుచ్చుకుపోయింది. ఆ మర్నాడు దుప్పి వచ్చింది. కుందేలు మామగారిని కూడా తీసుకొచ్చింది. పోగు ఎంత తొందరగా పెరిగిందో అంతకన్నా తొందరగా తరిగి, మామూలు ఏళ్లకన్నా కిందికి దిగింది. చలమయ్య ఒకరోజు ఈగలు వేయడం మానేశాడు. ఇంకో రోజు తనే రావడం మానేశాడు.

ఆకలేసిన ఊసరవెల్లి ఆ సాయంత్రం నోరు విప్పింది.

"అయ్యా, నాకు అవసరాలూ ధరలూ ఏమీ తెలీవు. ఎవరైనా మీదికొచ్చి బుసకొడితే భయమేస్తుంది. భయమేస్తే ఎర్రబడతాను. చిన్నప్పటి నుంచీ అంతే."

"ఆ మాట మొదటే సెప్పొచ్చు గదా," అన్నాడు జోగులు.

"చెప్పబోయాను. యంత్రాలు మాట్లాడవన్నారు."

చలమయ్య కొండ అవతలి అడవికి వెళ్లాడని తర్వాత కబురొచ్చింది. అక్కడ చింతకాయలమ్మే అడవిపంది దగ్గర ఈసారి మిణుగురు పురుగులతో ఏదో మొదలుపెట్టాడట. చెరువు గట్టున చూస్తే కొంగ మాస్టారు కూడా లేడు. ఆయన రెండు రోజులు ముందే వెళ్లి అక్కడ శాఖ తెరిచాడు.

జోగులు కొట్టులో ఇప్పుడు మళ్లీ దొన్నెడు తేనెకి దోసెడు పూలే. బోణీ ఉంది, కొసరు చుక్క ఉంది, ఊసరవెల్లి బుర్రల మీద వాలే ఈగల్ని తిని పెరుగుతోంది. ఆ ఏడాది వానల్లో పస్తులు ముందే మొదలయ్యాయి. ఒక ముసురు రోజున నూకాలు పిల్లాడి చేత ఒక దొన్నెడు ఇప్పపూలు పంపింది. దొన్నె మాత్రం తిరిగి పంపమంది.

అన్నీ పోయాయి గానీ ఆకు రుసుము ఉండిపోయింది. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. జోగులు తాత పెట్టిన కట్టనుకుని అందరూ చిటికెడు వేసి పోతున్నారు.

నీతి: యంత్రం ఎప్పుడూ తప్పు చెప్పదు, మనవైపు తిరిగిన రోజున తప్ప.